అప్‌డేట్: నికెల్ బాత్‌లో మెరుపు ఎందుకు పోతోందో తేలింది

మొన్న నేను అడిగింది ఇదీ: అనంతపురంలో మా ల్యాబ్‌లో కోలిన్ క్లోరైడ్ ఒక వంతు, ఇథిలీన్ గ్లైకాల్ రెండు వంతులు కలిపిన బాత్‌లో (పూత వేసే ద్రావణంలో) రాగి రేకుల మీద నికెల్ పూత వేస్తున్నాం. మెరుపు కోసం నికోటినిక్ ఆమ్లం కలుపుతాం. మొదట అద్దంలా వచ్చిన పూత పోనుపోను బూడిదరంగుకు తిరుగుతోంది. తప్పు వేడిదా, కరెంటుదా?

"రెండూ విడదీసి చూడు తమ్ముడూ" అని ఒక అన్న చెప్పారు. ఆ మాటే దారి చూపింది. ఒకే బాత్‌ను రెండు బీకర్లలో పోసి, రెండింటినీ 70 డిగ్రీల దగ్గరే ఉంచి, ఒకదానికి మాత్రమే కరెంట్ ఇచ్చాను. తర్వాత నీళ్లలో బాగా పలుచన చేసి, యూవీ కాంతిని ఎంత పీల్చుకుంటోందో కొలిస్తే, వేడి మాత్రమే తగిలిన దాంట్లో 262 నానోమీటర్ల దగ్గర నికోటినిక్ ఆమ్లం శిఖరం చెక్కుచెదరలేదు. కరెంట్ పారిన దాంట్లో బాగా కుంగిపోయింది. అంటే ఆ ఆమ్లం పోవడానికి కారణం కరెంటే, వేడి కాదు.

గ్రాఫైట్ ఆనోడ్ (ప్లస్ వైపు ఎలక్ట్రోడ్) దగ్గర ముక్కు పెడితే బ్లీచింగ్ పౌడర్ వాసన ఘాటుగా వచ్చింది. కరగని ఆనోడ్ మీద క్లోరైడే ఆక్సీకరణ చెంది క్లోరిన్ అవుతుంది. అది నికోటినిక్ ఆమ్లాన్నే కాదు, ద్రావణాన్ని కూడా తినేస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న ఇలాంటి బాత్‌లలో క్లోరోఫాం వంటివి పుడతాయని పరిశోధకులు ముందే చూపారు, కాబట్టి విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా దయచేసి ఎవరూ చేయొద్దు.

ఇప్పుడు నికెల్ రేకునే ఆనోడ్‌గా పెట్టాను. మెరుపు నిలుస్తోంది. కరెంట్ మరీ పెంచితే ఆనోడ్ మీద పొర కడుతోంది, అందుకే తక్కువలోనే నడుపుతున్నాను. బాత్ గాలిలోని తేమను పీల్చుకునే సంగతి ఇంకా చూడాలి. మన పొడి ఊళ్లో కూడా చిన్న వాన పడితే చాలు, కోలిన్ క్లోరైడ్ డబ్బాలో ముద్దకడుతోంది.