సమస్య: "గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్"

సమస్యల అక్కయ్య (నిర్వాహకురాలు):
నిన్న మా అన్నయ్య పట్టుబట్టి మలక్‌పేట రేసులకు లాక్కెళ్ళాడు. గుర్రానికీ గాడిదకూ తేడా చెవులు చూసి చెప్పే రకాన్ని నేను. అయినా ముట్టుకున్నదల్లా తగిలింది. ఒక్క గుర్రం మాత్రం ఓడిపోయింది, చిత్రమేమిటంటే అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఇచ్చింది అదే. ఎలాగో ఇప్పుడు చెప్పను. ఆటోలో వస్తుంటే ఈ పాదం దానంతటదే పడింది. ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు కలిపి కందం పూరించాలి. కానివ్వండి.

మూసీవాసి:
అక్కయ్యా, మా పేటకు వచ్చి మాకు చెప్పకుండా వెళ్ళారా! ఇదిగో తొలి పందెం నాదే.

మలకుపురిన్ రెండవదిగ
నిలిచెను నేఁ గట్టినట్టి నీలి హయంబే;
తొలి మూఁటికి ఫలముండఁగ
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్.

ఏలూరు మాస్టారు:
గణాలు కుదిరాయి, యతి కుదిరింది. అయితే ఇది పూరణ కాదు బాబూ, ప్లేస్ టికెట్టు (మొదటి మూడింట్లో వస్తే చాలనే పందెం) చూపించి కౌంటర్లో డబ్బు అడిగినట్టుంది. సమస్యలో ఉన్న వైరుధ్యం ముడి విప్పితే విడాలి, రూలు పుస్తకం చూపిస్తే విడిపోయేది ముడే కాదు.

గోదారి గణాలు:
మాస్టారు గణాలు చూశారు గానీ ఊరు పేరు చూడలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు తెచ్చాడు, మూసీవాసి గారు 4 మాత్రల కోసం మలక్‌పేటనే మలకుపురికి తరలించారు. రేపు దిల్‌సుఖ్‌నగర్‌ను ఏం చేస్తారో!

మూసీవాసి:
మలక్‌పేట అని ఉన్నదున్నట్టు కందం మొదట్లో పెట్టి చూపించండి గోదారి గారూ. యగణంతో ఎత్తుకుంటారా? మీ లంకల్ని మీరు ఏం చేశారో ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

శకటరేఫం:
ఆ లంకల గొడవ మళ్ళీ తవ్వకండి. నిన్నటి నుంచి ఇద్దరు "గుర్రమ్మె" అని రాసి పంపారు. పాదంలో ఉన్నది బండి ఱ. దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదని మనవి.

గోదారి గణాలు:
సరే, లంకలు తర్వాత. ముందు ఇది చూడండి. మన గుర్రం ఓడిపోయిందని మీకెవరు చెప్పారు?

తలపడి పరుగిడి యలసియుఁ
బలు జాతుల వాఱువములు పందెమునందున్
దిలకింపఁగ జనులెల్లరు
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్.

కావ్యకంఠి:
అబ్బ! తాను గెలవని గుర్రం కాదు, తక్కినవి గెలవలేని గుర్రం! ఒక్క అక్షరం విరవలేదు, కలపలేదు, కర్తను మార్చారంతే. ఈ వారం ఇక దీన్ని దాటేది రాదు అనిపిస్తోంది.

ఏలూరు మాస్టారు:
ఆలోచన బాగుంది, కాదనను. కానీ నాలుగో పాదం అందుకునే ముందు చెవిలో మిగిలేది "జనులెల్లరు". జనులెల్లరు గెలువని గుఱ్ఱమ్మె అనే వినబడుతుంది. జనం కూడా గుర్రాలతో పాటు పరుగెత్తారా? దూరాన్వయం (కలవాల్సిన మాటలు దూరంగా పడటం) ఇలాగే కొంప ముంచుతుంది. కోడి పుంజు పద్యంలోనూ జరిగిందిదే.

మూసీవాసి:
ఆఖరి ఫర్లాంగులో కంచె పక్కన గుర్రంతో సమానంగా అరుస్తూ పరుగెత్తే జనాన్ని నేను చూశాను మాస్టారూ. వాళ్ళెవరూ గెలవలేదన్నది కూడా నిజమే.

గోదారి గణాలు:
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటే నాకు అజీర్తి చేస్తుంది. అయినా పాదాలు అటూ ఇటూ చేస్తున్నాను:

తిలకింపఁగ జనులెల్లరుఁ
బలు జాతుల వాఱువములు పందెమునందున్
దలపడి పరుగిడి యలసియు
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్.

ఒక్క మాట కొత్తది వేయలేదు. ఒకటో పాదం, మూడో పాదం చోట్లు మార్చుకున్నాయి. ఇప్పుడు చెప్పండి.

ఏలూరు మాస్టారు:
ఇప్పుడు చెప్పడానికేమీ లేదు. బాగుంది. (పుంజు సంగతి మాత్రం బాగుపడలేదు.)

డాలస్ అల్లుడు:
నమస్కారమండీ. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నానే గానీ రాయలేదు. మా ఊళ్ళో పెళ్ళి బండి లాగే ముసలి గుర్రం ఒకటి ఉండేది, కుర్రతనంలో రేసుల్లో పరుగెత్తిందని చెప్పేవారు. దాన్ని తలుచుకుని రాశాను.

వెలకుఁ గొని పెండ్లిబండికిఁ
జెలువుగ వరులను మోయఁగఁ జిల్లర కురిసెం
గలలోనను రేసెన్నఁడు
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్.

శకటరేఫం:
రండి రండి. భావం ముచ్చటగా ఉంది. రెండో పాదం నడిమి గణం ఒకసారి వేళ్ళమీద లెక్కపెట్టుకోండి.

డాలస్ అల్లుడు:
లెక్కపెట్టానండీ. నాలుగు మాత్రలే వచ్చాయి. మోయఁగఁ. సరిపోయింది కదా?

ఏలూరు మాస్టారు:
మాత్రలు సరిపోతే కందం అయిపోతే లోకంలో కందానికి ఇంత పేరెందుకు నాయనా? అది ఆరో గణం. అక్కడ భగణం కూర్చుంది. "భరింపఁ" అని మార్చి చూడు. "చెలువుగ వరులను భరింపఁ జిల్లర కురిసెన్". జగణం వచ్చేసింది, యతికి ఢోకా లేదు, పైగా పెళ్ళికొడుకుల్ని మోయడం కంటే భరించడమే నిజం.

గోదారి గణాలు:
మాస్టారు నవ్వించారు! ఈ తేదీ రాసి పెట్టుకోండి. బాబూ డాలస్, నీకు దొరికింది చిన్న బహుమతి కాదు. నాకు పదేళ్ళుగా ఆయన దిద్దడమే గానీ ఇవ్వడం తెలియదు.

డాలస్ అల్లుడు:
ధన్యవాదాలు మాస్టారూ. "భరింపఁ" చదివి మా ఆవిడ అరగంట నుంచి నవ్వుతోంది.

మూసీవాసి:
ప్లేస్ టికెట్టు అన్నారుగా, ఇప్పుడు కంచె అవతలి వైపు నుంచి చెబుతాను. టోట్‌లో ఏ గుర్రం గెలిచినా క్లబ్బుకు ఒకటే. జనం కట్టినదంతా ఒకచోట పోగు చేసి, తన వాటా కోసుకుని మిగిలింది గెలిచినవాళ్ళకు పంచుతుంది. గుర్రం ఓడితే గుండె నిండా నవ్వుకునేవాడు మైదానంలో ఒక్కడే ఉంటాడు.

పలువురు ఫేవరిటనుచును
బలిమిగ రొక్కంబుఁ గట్టి బావురుమనఁగాఁ
గులుకుచు బుకి సతి కనియెను
"గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్".

కావ్యకంఠి:
ఇదీ దెబ్బ అంటే! "మనకు" అన్న మాటకు ఇప్పటిదాకా ఎవరూ పని చెప్పలేదు. బుకీ ఇంట్లో "మనకు" అంటే మనం కాదు, వాళ్ళిద్దరే. నేను ఇందాక గోదారి గారికి కట్టిన పందెం వెనక్కి తీసుకుంటున్నాను.

గోదారి గణాలు:
గేటు తెరుచుకున్నాక టికెట్టు వాపసు ఉండదు కావ్యకంఠి గారూ. అసలు "బుకి" ఏమిటి? బుకీ దీర్ఘాన్ని కోసేస్తే వాడు ఊరుకుంటాడా?

శకటరేఫం:
అన్యదేశ్యానికి చివర హ్రస్వం తెలుగులో తప్పు పట్టరు. మూడో పాదం మొత్తం లఘువులే. గుర్రం డెక్కల చప్పుడులా పోయింది. నా ఓటు దీనికే. అయితే నా పూరణ కూడా ఉంది. ఉద్యోగమంతా లెక్కలు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి, నాకు కనబడేది ఇదే:

"గెలిచిన నోడిన పన్నును
దొలుతనె కట్టింతు" మనుచుఁ దొరతనమాడెన్
"గలవరమేలా మంత్రీ!
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్".

డాలస్ అల్లుడు:
గెలవకపోయినా పన్ను ఎలా పడుతుందండీ?

శకటరేఫం:
పందెం కట్టేటప్పుడే, కట్టిన మొత్తం ముఖవిలువ మీద జీఎస్టీ. మొదట అది 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40. గుర్రం ఇంకా గేట్లోంచి బయటికే రాలేదు, దొరతనం అప్పటికే గెలిచేసింది. అది చాలక గెలుపు పదివేలు దాటితే ఆదాయపు పన్ను 30 శాతం అక్కడికక్కడే కోసి ఇస్తారు. ఇది వ్యంగ్యం కాదు, లెక్క.

ఏలూరు మాస్టారు:
పద్యం గట్టిది. ఒక్క సందేహం. "దొరతనము + ఆడెన్" దగ్గర కొంచెం ఆగవలసి వస్తోంది. ఆగితే ఆడినది దొరతనమా, పందెమా అనిపిస్తుంది. అనిపించాలనే రాసి ఉంటే చేతులెత్తి నమస్కారం.

శకటరేఫం:
అనిపించాలనే అని ఇప్పుడు నిర్ణయించుకున్నాను.

గోదారి గణాలు:
అందరినీ దిద్దారు, సొంత గుర్రం మాత్రం ఇంకా లాయంలోనే ఉంది మాస్టారూ.

ఏలూరు మాస్టారు:
ఉంది. పందేల మైదానం ముఖం చూడనివాణ్ణి, అందుకే భారతంలోకి పోయాను.

నలుఁడు సతిఁ గాంచి పలికెను
"చెలియా! హయవిద్య నమ్మి జితముం గంటిం
గలిమాయను జూదంబున
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్".

"గెలువని" గుఱ్ఱానికి కాదు, "మనకు" విశేషణం. జూదంలో గెలవని మనకు గుఱ్ఱమే గెలుపునిచ్చింది. ఋతుపర్ణుడికి రథం తోలుతూ విదర్భకు వెళ్ళే దారిలో నలుడు అశ్వహృదయం (గుర్రాల విద్య) ఇస్తానని అక్షహృదయం (పాచికల విద్య) పుచ్చుకున్నాడు. కలి వదిలింది ఆ దెబ్బకే. తనను జూదంలో ఓడించిన పుష్కరుణ్ణి తిరిగి ఓడించిందీ ఆ విద్యతోనే. "విద్య నమ్మి"ని విశ్వసించి అన్నా, విక్రయించి అన్నా చెల్లుతుంది.

కావ్యకంఠి:
కుడిచేత్తో కర్తను మార్చింది గోదారి గారు, ఎడమచేత్తో విశేష్యాన్నే మార్చింది మాస్టారు. ఇద్దరూ ఒక్క అక్షరం విరవలేదు. ఇప్పుడు ఎవరి మీద కట్టాలో తెలియట్లేదు.

గోదారి గణాలు:
విరుపు అదిరింది, ఒప్పుకుంటాను. "జితముం గంటిం" మాత్రం యతి కోసం ఈడ్చుకొచ్చిన మాట. "జయము" అనలేక జితము అన్నారు. ఇదే పని నేను చేసి ఉంటే ఎన్ని ఉత్తరాలు వచ్చేవి?

మూసీవాసి:
జితం సంగతి నాకు తెలియదు గానీ సుప్రీంకోర్టు మాస్టారి పక్షమే. తమిళనాడు 1974లో చట్టం చేసి గుర్రప్పందేలు ఆపబోతే, మద్రాసు రేస్ క్లబ్బు కేసులో 1996లో వచ్చిన తీర్పు చెప్పింది ఇదే. పాచికలు వేరు, గుర్రం వేరు. గుర్రప్పందెం నేర్పు మీద నడిచే ఆట, వట్టి అదృష్టం మీద కాదు అని. జూదంలో ఓడి గుర్రంతో గెలిచిన నలుడి కేసు లాయర్లకు తట్టిందో లేదో!

ఏలూరు మాస్టారు:
విన్నారా గోదారి గారూ? నా పద్యానికి అత్యున్నత న్యాయస్థానం సమర్థన ఉంది. మీ పుంజుకు పోలీసు కేసు తప్ప ఏమీ లేదు.

డాలస్ అల్లుడు:
ఇందాకటి నుంచి వింటున్నాను, ఆ పుంజు పద్యం ఏమిటండీ?

శకటరేఫం:
అడక్కు.

గోదారి గణాలు:
అడిగాడు కాబట్టి చెబుతాను. అప్పటి సమస్య "కోడి కూయకున్నఁ గూలు లంక". అందరూ రావణుడి లంక పట్టుకుని వేలాడారు. నేను మా కోనసీమ లంకల్లోకి దింపాను. సంక్రాంతికి మా పుంజు మీదే లంకంతా సొమ్ము పెట్టింది, అది కూత పెట్టకపోతే లంక కూలదూ మరి? మూడో పాదం "పుంజు గెలిచినంత పొంగె మా లంకలు". దాని మీద మాస్టారు చేసిన అల్లరి ఇంతా అంతా కాదు.

ఏలూరు మాస్టారు:
అల్లరి యతి మీద కాదు. సమస్యలో కోడి కూయకపోతే లంక కూలుతుంది. మీ మూడో పాదంలో లంక అప్పటికే పొంగిపోయింది. పొంగిన లంక మళ్ళీ ఎలా కూలుతుంది? వరదకు పొంగిందా, పందేనికి పొంగిందా? అక్కడ ఆగిపోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

మూసీవాసి:
కోడి మీదా గుర్రం మీదా కూడా కట్టే ఊరు గోదారి గారిది. అక్టోబరు 2న డెక్కన్ డెర్బీ పెట్టుకునే ఊరు మాది. గాంధీ జయంతి నాడు మందు దొరకదు, పందెం దొరుకుతుంది. ఎవరినీ ఏమీ అనకుండా ముందుకు పోదాం.

కావ్యకంఠి:
అసలు గుర్రం మీద పందెం మొదలెట్టింది ఆడవాళ్ళు, మీరెవరూ కాదు. పాముల తల్లి కద్రువ, ఆమె సవతి వినత. ఇంద్రుడి గుర్రం ఉచ్చైశ్శ్రవం తోక నలుపా తెలుపా అని. ఆ గుర్రం పరుగెత్తను కూడా లేదు.

కలుషమతిఁ గద్రు వనియెను
"నలుపయ్యెనుఁ దోఁక మీరు నయముగఁ జుట్టన్
నిలుచున్న చోట నిలిచియె
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్".

గోదారి గణాలు:
మైదానంలో మత్తుమందు పెట్టిన గుర్రాల గురించి విన్నాం, తోకకు పాముల్ని చుట్టిన గుర్రం మొదటిది ఇదే. "నయముగఁ జుట్టన్" బాగా నచ్చింది. కన్నతల్లి కదా, దొంగపని కూడా నయంగా చేయమంటోంది.

ఏలూరు మాస్టారు:
"నిలిచియె గెలువని" దగ్గర నిలిచే గెలవలేదు అన్న అర్థం తొంగిచూస్తుంది. నిలిచి, గెలుపు నొసంగెన్ అని కదా మీ భావం. అమ్మాయీ, ఒక్క అల్పవిరామం పెట్టుకో, నేను కళ్ళు మూసుకుంటాను.

సమస్యల అక్కయ్య:
అందరూ కానిచ్చారా? ఇక నిన్న జరిగింది చెప్పే వేళయింది. నాది రెండోదిగా వచ్చింది. చుట్టూ జనం టికెట్లు చింపి పారేస్తున్నారు. నేనూ చింపబోతే అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు, ఫలితం ఖాయమని చెప్పేదాకా చింపకూడదట. మొదట వచ్చిన గుర్రం చివర్లో మా దానికి అడ్డం తొక్కిందని అభ్యంతరం పడింది. స్టూవర్డులు (పందెపు నిర్ణేతలు) ఫిల్ము చూశారు, స్థానాలు మారిపోయాయి. కింద చిత్తుకాగితాలైన టికెట్లు ఏరుకుంటున్నవాళ్ళను చూస్తే జాలేసింది.

తొలి వచ్చిన దడ్డమ్మని
పలికిరి నిర్ణేతలెల్ల పటమునఁ జూడన్
వలవల యేడ్చెడి వేళను
గెలువని గుఱ్ఱమ్మె మనకు గెలుపు నొసంగెన్.

ఏలూరు మాస్టారు:
అక్కయ్యా, కోపగించుకోకు. స్టూవర్డులు స్థానం మార్చాక అది గెలిచిన గుఱ్ఱమే. "గెలువని" ఎలా చెల్లుతుంది? సమస్య ఇచ్చినవారి పూరణే సమస్యలో పడింది.

గోదారి గణాలు:
గీత దాటినప్పుడు గెలవలేదు కదా, అది చాలు. ఈ వారంలో మాస్టారితో మొదటిసారి విభేదిస్తున్నాను.

శకటరేఫం:
మొదటిసారా!

మూసీవాసి:
అక్కయ్యా, పద్యం సంగతి వాళ్ళు తేల్చుకుంటారు. ఆ ఒక్క గుర్రం మీద ఎంత వచ్చిందో చెప్పండి.

సమస్యల అక్కయ్య:
శకటరేఫం గారి 30 శాతం కోత పడేంత రాలేదు. అంతకు మించి అడగాలంటే మా అన్నయ్యను అడగండి, డబ్బు ఇంకా ఆయన జేబులోనే ఉంది.