మన అలవాటు మనకు తప్ప ఊరందరికీ తెలుసు. మీకెవరైనా చెప్పారా?

వేపచెట్టు_నీడ:
పోయిన నెల మా అన్నయ్య కొడుకు గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాలయ్యాక చేయి కడుక్కుందామని పెరటివైపు వెళ్తుంటే వంటింట్లోంచి మాటలు వినపడ్డాయి. "రేటు బాబాయి ఇటే వస్తున్నాడు, ఆ మిక్సీ దాచేయండి" అని ఎవరో అన్నారు. మిగతావాళ్లు పకపకా నవ్వారు. ఆ బాబాయి ఎవరో చూద్దామని నేనూ నవ్వుకుంటూ తల లోపలికి పెట్టాను. అందరూ గప్‌చుప్. అప్పుడు వెలిగింది.

నిజమే. ఏ వస్తువు కనపడినా ముందు నా నోట్లోంచి వచ్చేది "ఎంత పడింది?" సోఫా ఎంత పడింది, టైల్స్ అడుగు ఎంత పడింది, కోడలి మెళ్లో గొలుసుకి తరుగు ఎంత వేశారు. ఆ తర్వాత ఇంకో మాట కూడా ఉంటుంది: "అయ్యో, నాకు ఒక్క ముక్క చెప్తే ఇంకా తక్కువలో ఇప్పించేవాణ్ని." ఇదంతా సాయం అనుకున్నాను. వాళ్లేమో కొత్త ఇల్లు చూపించి మురిసిపోదామనుకుంటే నేను వెళ్లి జమాఖర్చుల పుస్తకం తెరిచాను.

కోపం రాలేదు గానీ రెండు రోజులు అన్నం సయించలేదు. 54 ఏళ్లొచ్చాయి, ఇంతకాలం ఒక్కరూ చెప్పలేదే అని. మా ఆవిడని అడిగితే "పెళ్లయిన ఏడాదే చెప్పాను. మీరు విన్నట్టే విని నా చీర ఎంత పడిందని అడిగారు" అంది.

మీకు ఇలాంటివి ఉన్నాయా? ఎదుటివాళ్లలో చూసి ఒళ్లు మండినవైనా సరే, మీలో మీరే పట్టుకున్నవైనా సరే, రాయండి.

పప్పుచారు:
చీర దగ్గర నవ్వు ఆగలేదు అంకుల్. నాది చెప్తా. ఎవరేం చెప్పినా నా జవాబు "అది కాదు"తో మొదలవుతుంది. ఒప్పుకుంటున్నా సరే "అది కాదు, నువ్వు చెప్పింది కరెక్టే" అంటాను. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక మీటింగ్‌లో వేళ్లు మడిచి లెక్కపెట్టింది. అరగంటలో 17. నాకు చూపిస్తే "అది కాదు, అన్నిసార్లు అనలేదు" అన్నాను. 18.

మిడిల్‌బెర్త్18:
నా ఓటు రైల్లో స్పీకర్ ఆన్ చేసి మాట్లాడేవాళ్లకి. నెలకు రెండుసార్లు విశాఖ నుంచి సికింద్రాబాద్‌కి రాత్రి బండిలో వస్తుంటాను. ఒకసారి ఎదురు బెర్త్ పెద్దాయన వీడియో కాల్ మొదలుపెట్టాడు. మనవడు ఏం తిన్నాడో, వియ్యంకుడు ఎంత ఎగ్గొట్టాడో బోగీ మొత్తానికి తెలిసిపోయింది. సామర్లకోట వచ్చేసరికి మేమంతా ఆ వియ్యంకుడికి వ్యతిరేకం. రాజమండ్రి దాటాక ఆయన ఫోన్ పెట్టేసి "మీరైతే ఏం చేస్తారు చెప్పండి" అని నన్నే అడిగాడు!

బెర్త్ గొడవ ఇంకోటి. మిడిల్ బెర్త్ వేసుకోవడానికి రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకే హక్కు. 2017కి ముందు 9 గంటల నుంచే ఉండేది. ఇప్పుడు 10 దాటినా కింద బెర్త్‌వాళ్లు పులిహోర డబ్బా తెరిచి కూర్చుంటారు, మనం తలుపు దగ్గర నిలబడి వాళ్ల పచ్చడి ముక్కలు లెక్కపెట్టాలి. అయితే నేనూ పతివ్రతనేం కాదు. చాన్నాళ్లు పొద్దున ఏడున్నర దాకా దిగేవాణ్ని కాదు. ఓ రోజు లేచి చూస్తే కింద ఒక మామ్మగారు మెడ వంచుకుని, ఒళ్లో కాఫీ కప్పు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎంతసేపటి నుంచి మామ్మా అంటే "ఫర్వాలేదులే నాయనా, నిద్రపో" అన్నారు. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ని కాదు.

నిద్రలేని_నర్సు:
రైలు నయం. మా వార్డుకి రండి. ఆపరేషన్ అయినాయన నొప్పితో మూలుగుతుంటాడు, పక్క మంచం తాలూకు అటెండెంట్ ఫుల్ సౌండ్‌తో రీల్స్. అదే నవ్వు ముక్క, అదే పాట ముక్క, యాభై సార్లు. తగ్గించమంటే ఒక్క గీత తగ్గిస్తారు.

మాజీ_క్యాషియర్:
బ్యాంకు కౌంటర్లో 31 ఏళ్లు పనిచేశాను. నోట్లు లెక్కపెట్టడానికి తడి స్పాంజి డబ్బా మా పక్కనే ఉంటుంది. అయినా చేతికి కట్ట రాగానే వేలు నోటి దగ్గరికే వెళ్లేది. 2020లో కరోనా వచ్చాక మా బ్రాంచిలో ఒక కస్టమర్ గాజు అవతల నుంచి "అమ్మా, ఆ వేలు" అంది. అంతే, అంత చిన్న మాట. అంతకుముందు ఎన్ని లక్షల నోట్లకి నా ఉమ్మి అంటించి జనానికి ఇచ్చానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నీ కనపడుతున్నాయి. టిఫిన్ సెంటర్లో కవరు విడకపోతే ఉఫ్‌మని ఊది అందులోనే ఇడ్లీ వేసి ఇస్తారు. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి వేలు తడి చేసుకుని కట్టలోంచి మన కార్డు తీస్తారు. బొట్టు పెట్టించుకుని ఆ కార్డు కళ్లకద్దుకోవాలి.

గల్లీ_చివర_ఇల్లు:
పెళ్లయిన మూడో నెల నుంచి నాకు మొదలైంది: "ఏమన్నా విశేషమా?" ఫోన్లో, దావత్‌లో, కూరగాయల బండి దగ్గర. కొంచెం లావైతే "చెప్పనే లేదు", కొంచెం చిక్కితే "డాక్టర్‌కి చూపించుకున్నవా?" నాకు రెండుసార్లు నిలబడలేదు. ఆ సంగతి ఇంట్లో నలుగురికే తెలుసు. రెండోసారి అయిన నెల రోజులకి బోనాలకు అమ్మగారింటికి వెళ్లాను. బోనం నెత్తిన పెట్టుకుని గుడి ముందు లైన్లో నిలబడి ఉంటే వెనక నుంచి పక్కింటామె అడిగింది. చేతులు రెండూ బోనం మీద ఉన్నాయి. కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు.

ఆమె చెడ్డ మనిషి కాదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చిన మనిషే. అందుకే ఏమీ అనలేకపోయాను.

తులసికోట:
చదివి బాధేసిందమ్మా. కానీ ఒక్క మాట. మా కాలంలో అడగకపోతేనే తప్పు. "ఫలానావాళ్లు వచ్చి వెళ్లారు, నోరారా ఒక్క మాట పలకరించలేదు" అనేవాళ్లు. చిక్కిపోయావంటే దిష్టి తీసినంత ప్రేమ అందులో. మేము అలా పెరిగాం.

గల్లీ_చివర_ఇల్లు:
పిన్నిగారూ, మీ మీద కోపం లేదు. "బాగున్నావా బిడ్డా" అని అడగండి చాలు. మిగతాది చెప్పాలనిపిస్తే నేనే చెప్తాను.

తులసికోట:
సరేనమ్మా. మా మేనకోడలికి పొద్దునే ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. సాయంత్రం మళ్లీ చేసి ఇంకేదన్నా మాట్లాడతాను.

వడ్డన_బ్యాచ్:
అందరూ కూర్చుని చూసినవాళ్లు. నేను గరిటె పట్టుకుని నిలబడి చూసినవాణ్ని. డిగ్రీ రోజుల నుంచి క్యాటరింగ్‌కి వెళ్తున్నా, భీమవరం చుట్టుపక్కల పెళ్లిళ్లు. మనిషి ఎలాంటివాడో విస్తరి దగ్గర తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు.

ముందు కుర్చీ వెనక నిలబడేవాళ్లు. తినేవాడు ఇంకా సాంబారు దగ్గరే ఉంటాడు, వెనక ఒకాయన కుర్చీ వీపు మీద రెండు చేతులూ వేసి నిలబడతాడు. కొందరైతే జేబురుమాలు కట్టేస్తారు, బస్సు సీటుకి కట్టినట్టు. తినేవాడికి ముద్ద దిగదు. పెద్దవాళ్లు పెరుగు మానేసి లేచిపోవడం నా కళ్లతో చూశాను. పాతరోజుల్లో పంక్తిలో చివరివాడి భోజనం అయ్యేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదంటారు. ఇప్పుడు లేవకపోతే లేపేస్తారు.

రెండోది, వద్దని చెప్పే టైమింగ్. గరిటె విస్తరి మీదకి వచ్చినప్పుడు ఫోన్ చూస్తుంటారు. వేశాక తలెత్తి "అబ్బా, ఎవరు వేయమన్నారయ్యా!" అంటారు. ముందే చేయి అడ్డం పెడితే మేం వెళ్లిపోతాం కదా. బూరె రెండోది అడిగి మరీ వేయించుకుని, మధ్యలో వేలితో గుంట పెట్టి నెయ్యి పోయించుకుని, సగం కొరికి వదిలేస్తారు. విస్తళ్లు ఎత్తేది మేమే, అన్నీ తెలుసు.

మూడోది పిలుపు. "ఏయ్ సాంబార్!" "ఓయ్ పెరుగు!" మేం మోసుకొచ్చే వంటకమే మా పేరు. చిటికెలు వేసేవాళ్లు సరేసరి. నేను ఎంబీయే చదువుతున్నప్పుడు మా కాలేజీ లెక్చరర్ ఒకాయన అలాగే చిటికె వేశారు. తలెత్తి నన్ను చూసి, చటుక్కున చేయి కిందకి దించి "నువ్వా నాన్నా, తిన్నావా?" అన్నారు. నేను కాకపోతే ఆ ప్రశ్న రాదు కదా అని ఆ రోజంతా అదే ఆలోచన.

మంచివాళ్లు లేరని కాదు. ఒక పెళ్లిలో పెద్దాయన ఉప్పు వడ్డించినవాడికి కూడా "చాలు బాబూ" అంటూ తిన్నారు. ఆయన విస్తరిలో కరివేపాకు తప్ప ఏమీ మిగల్లేదు.

పప్పుచారు:
వడ్డన అన్నా, నేను కుర్చీ వెనక బ్యాచే. ఇక నిలబడను. (అది కాదు, నిజంగానే నిలబడను.)

లైప్సిగ్‌లో_ఆవకాయ:
ఇక్కడ జర్మనీలో ఆదివారమంటే నిశ్శబ్దం. గోడకి మేకు కొట్టకూడదు, డ్రిల్లింగ్ చేయకూడదు. నాకేం తెలుసు? వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున్నే, ఇల్లంతా సర్దేసి, రెండు సంచుల గాజు సీసాలు తీసుకెళ్లి వీధి చివర గాజు వేసే పెద్ద డబ్బాలో ఒక్కొక్కటే వేస్తున్నాను. ఫెళ్. ఫెళ్. సీసాలన్నీ మనవే, పచ్చళ్లవీ జామ్‌వీ. మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుంది. ముసలావిడ ఏమీ అనలేదు, డబ్బా మీద కాగితం వైపు వేలు చూపించింది. ఆదివారాలూ పండగ రోజులూ వేయకూడదని టైమింగ్స్‌తో సహా రాసి ఉంది.

పోయిన శనివారం మా హైదరాబాదీ రూమ్మేట్ ఇంటికి ఫోన్లో అరుస్తున్నాడు. రాత్రి 10 దాటింది. నేనే లేచి వెళ్లి వాడికి గోడ వైపు వేలు చూపించాను. నేనూ ఆ ముసలావిడలా తయారవుతున్నానేమో.

మిడిల్‌బెర్త్18:
ఒక ఫోటో చూడమని ఫోన్ ఇస్తే ఎడమకీ కుడికీ జరిపేవాళ్ల గురించి ఎవరూ రాయలేదేం?

నిద్రలేని_నర్సు:
రాస్తే మనమంతా దొరికిపోతామని.

కొత్తగా_చేరా:
ఒక సలహా కావాలి. క్యాబ్‌లో నాతో వచ్చే కొలీగ్ దగ్గర చెమట వాసన. మనిషి బంగారం. ఎలా చెప్పాలి? పెర్ఫ్యూమ్ గిఫ్ట్ ఇద్దామనుకుంటున్నా.

పప్పుచారు:
వద్దు. అతనికి అర్థం కాకపోతే చెమట మీద పెర్ఫ్యూమ్ కొడతాడు, మీ పని ఇంకా అధ్వానం. నాకు ఒకప్పుడు మా టీమ్ లీడ్ చెప్పాడు. అందరి ముందు కాదు, సాయంత్రం పార్కింగ్‌లో బండి తీస్తుంటే. "ఒక మాట, ఫీల్ అవకు. చొక్కా దగ్గర వాసన వస్తోంది, పాలిస్టర్ మానేసి కాటన్ వేసి చూడు. నాకూ ఉండేది." అంతే, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. ముసురు రోజుల్లో బట్టలు గదిలోనే ఆరేసేవాణ్ని, అదీ ఒక కారణమే. ఆ రాత్రి చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడు ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి రింగ్‌కే ఎత్తుతాను.

మాజీ_క్యాషియర్:
"నాకూ ఉండేది" అన్నాడు చూడు, అక్కడుంది అతని మంచితనం. అబద్ధమే అయి ఉంటుంది.

వేపచెట్టు_నీడ:
అన్నీ చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను, కుర్చీ వెనక నిలబడేది ఆవిడే అని తేలింది.

నిన్న మళ్లీ అన్నయ్య కొడుకు ఇంటికి వెళ్లాం. హాల్లో కొత్త ఉయ్యాల బల్ల పెట్టించాడు, టేకుది, ఇత్తడి గొలుసులతో. చూడగానే నోట్లోంచి "ఎంత" వచ్చేసింది. గదిలో అందరూ ఆగిపోయారు. కోడలు కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. నేను ఊపిరి బిగబట్టి "ఎంత బాగుందో!" అన్నాను.

రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావాడే నా పక్కన కూర్చుని, మెల్లగా ఉయ్యాల ఊపుతూ "38 వేలు బాబాయ్. మోసపోయానా?" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. తలొక్కటే ఊపాను, ఎటు ఊపానో నాకే తెలియదు.

తులసికోట:
బంగారంలా నిలబడ్డారు. ఇంతకీ గొలుసులతో కలిపా ఆ 38?