కుక్కకు కంటి కింద వాపు, పన్ను పీకాలంటున్నరు. తొమ్మిదేండ్లకు మత్తిస్తే తట్టుకుంటదా?

స్నోయీ వాళ్లింట్ల, నల్గొండ:
అందరికి నమస్తే. మా స్నోయీ పమేరియన్, తొమ్మిదేండ్లు ఉంటయి. కుడి కంటి కింద గడ్డ లెక్క వాచి పగిలి చీము కారింది. ఇక్కడ పశువుల దవాఖానల సూదులు, గోలీలు ఇచ్చిన్రు, తగ్గింది, మందులు బందు చేసినంక మళ్ల అదే జాగల లేసింది. ఇప్పుడు సార్ నోరు తెరిచి చూసి ఇది కంటిది కాదు పైదవడ పన్నుది, ఎక్స్‌రే తీసి పన్ను పీకాలె, ఇక్కడ అయ్యేది కాదు హైదరాబాద్ కొంచపోన్రి అన్నడు. నోరు మస్తు వాసన, ఒక్క పక్కనే నములుతది. మా అమ్మేమో ఈ వయసుల మత్తిస్తే మళ్ల లేవదు, వద్దే వద్దు అంటుంది. లవంగ నూనె పెట్టుమని ఒకరు, పసుపు రాయుమని ఒకరు. పీకకుండ మందులతోనే నడిపియ్యొచ్చా? ఎవరన్న చేపిచ్చి ఉంటే జర చెప్పన్రి.

పాలమూరు ల్యాబ్ అక్క:
తమ్మీ మా ల్యాబ్రడార్ కుక్కకు అచ్చం గిట్లనే అయింది. మాది బొక్కలు కొరికి కొరికి పన్ను పక్కకు పెచ్చు లేసింది, లోపల కుళ్లి కంటి కింద పగిలింది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖానకు కొంచపోయినం. ముందుగాల రక్తం టెస్టులు చేసిన్రు, రాత్రి నుంచి బువ్వ పెట్టొద్దన్నరు, ఆపరేషన్ అయిన పొద్దుమూకికే లేచి తోక ఊపింది. పీకినంక నాకు తెలిసింది ఏందంటే అది అన్ని రోజులు నొప్పి ఓర్చుకున్నది, ఇప్పుడు చిన్నప్పటి లెక్క ఉరుకుతది. తింటుంది కదా నొప్పి లేదేమో అనుకోకు, కుక్కలు పన్ను నొప్పి ఉన్నా తింటనే ఉంటయి.

వెట్ పీజీ స్టూడెంట్:
మీ డాక్టర్ గారు కరెక్టుగనే పట్టిన్రు. కంటి కింద వాపంటే ఎక్కువసార్లు పైదవడ నాలుగో ప్రీమోలార్‌దే (పక్కన నమిలే పెద్ద పన్ను), దానికి మూడు వేర్లు, వేర్ల కొసలు కంటి కిందికే ఉంటయి కాబట్టి చీము నోట్లోకి రాకుండ బుగ్గ మీదికి పగులుతది. యాంటిబయాటిక్‌తోని చుట్టుపక్కల ఇన్ఫెక్షన్ తగ్గుతది, కానీ పన్ను లోపలి నరం చచ్చిపోయినంక అక్కడికి రక్తమే పోదు, రక్తం పోని జాగకు మందెట్ల పోతది? అందుకే మళ్ల మళ్ల లేస్తది. మందులతో నడిపిచ్చుడంటే వాయిదా వేసుడే. రూట్ కెనాల్ కూడ ఉన్నది గానీ చిగుళ్లు పాడైతే పీకుడే మంచిది.

మత్తు సంగతి, అమ్మకు వివరంగ చెప్పన్రి. వయసు ఒక్కటే చూసి వద్దనం, గుండె, కిడ్నీలు, లివర్ చూసి నిర్ణయిస్తం. చిన్న జాతి కుక్కలల్ల వయసు మీద పడితే గుండె వాల్వు జబ్బు ఎక్కువ, అందుకని గుండె చప్పుడు తేడాగుంటే ముందు ఎకో (గుండె స్కానింగ్) చేపియ్యన్రి. గొంతులకు ట్యూబ్ వేసి దాని బెలూన్ ఊదుతరు, నీళ్లు, రక్తం ఊపిరితిత్తులల్లకు పోవు. చిన్న ఒళ్లు తొందరగ చల్లబడుతది, అందుకే వెచ్చగ ఉంచుతరు. చిగురు లేపి పన్నును డ్రిల్‌తోని మూడు ముక్కలు కోసి ఒక్కో వేరు విడిగ తీస్తరు, ముక్క మిగల్లేదని మళ్ల ఎక్స్‌రే చూసి కరిగిపోయే కుట్లు వేస్తరు. నోరంతా ఎక్స్‌రే తీయమనన్రి, పమేరియన్ల కింది దవడ ఎముక సన్నం, కుళ్లు ఎముకను తినేసి ఉంటే పీకేటప్పుడు విరిగే ప్రమాదం ఉంటది, అది ముందే తెల్వాలె.

ఇంకోటి, మత్తు లేకుండనే గార గీకుతం అనేటోళ్ల దగ్గరికి మాత్రం పోకన్రి. పైన తెల్లగ కనిపిస్తది, రోగమేమో చిగురు కిందనే ఉంటది.

వనపర్తి పిల్లులమ్మ:
పిల్లి ఉన్నోళ్లు కూడ చదువుతరని రాస్తున్న. మా పిల్లి ఆకలితోని గిన్నె కాడికి ఉరికొచ్చి ఒక్క ముద్ద ముట్టంగనే అరిచి పారిపోయేది, సొల్లు కారేది, గొంతు దాక ఎర్రగ పుండ్లు. స్టొమటైటిస్, అంటే నోరంతా వాచే జబ్బు అన్నరు. వెనక పళ్లన్ని తీసేసిన్రు, ఇప్పుడు పళ్లు లేకుండనే చేపలన్నం నాకుతది, బరువు కూడ పెరిగింది. కొన్నింటికి పళ్లు తీసినా మందులు వాడాల్సొస్తదంట. నొప్పని పారాసిటమాల్ మాత్రం పిల్లికి ఎయ్యకన్రి, సచ్చిపోతది. లవంగ నూనె కూడ పిల్లులకు విషమే.

స్నోయీ వాళ్లింట్ల, నల్గొండ:
అందరికి మస్తు థ్యాంక్స్. అమ్మకు మొత్తం చదివి వినిపిచ్చిన, గుండె టెస్టు ముందు చేస్తరంటే ఒప్పుకున్నది. ఇంట్ల డైక్లోఫెనాక్ ఉన్నది, నొప్పికి సగం గోలీ ఇయ్యొచ్చా? పీకినంక బ్రష్ చెయ్యాల్నా?

వెట్ పీజీ స్టూడెంట్:
డైక్లోఫెనాక్ వద్దు, ఐబుప్రోఫెన్ కూడ వద్దు, కడుపుల పుండ్లు పడుతయి, కిడ్నీలు పోతయి. కుక్కలకు వేరే నొప్పి మందులున్నయి, మీ సార్‌ను అడుగున్రి. ఆపరేషన్ అయినంక రెండు వారాలు మెత్తటి బువ్వనే, బొక్కలు, బొమ్మలు వద్దు. పుండు మానినంక రోజూ బ్రష్ చెయ్యన్రి, మన పేస్టు కాదు కుక్కల పేస్టే, అవి ఉమ్మలేవు, మన పేస్టులల్ల ఫ్లోరైడ్ ఉంటది, కొన్నింట్ల జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటది, అది కుక్కలకు విషం. వాపు మళ్ల పెరిగినా, రక్తం ఆగకపోయినా, పీకిన పక్క ముక్కు కారినా వెంటనే ఫోన్ చెయ్యన్రి.