సైనస్ తిరగబెట్టిందని ఎవరు చెప్పాలి: రోగా, డాక్టరా?

ఒంగోలు సభ్యుడు:
నాకు 6 ఏళ్ళుగా దీర్ఘకాలిక సైనసైటిస్ ఉంది. పోయిన వారం ముఖమంతా బరువెక్కి రెండు రోజులు పనికి పోలేకపోయాను. డాక్టరు గారు ముక్కులో చూసి, చీము లేదు కనుక ఇది తిరగబెట్టడం కాదన్నారు. రోగి పడిన బాధకు లెక్క లేదా?

కావలి సభ్యురాలు:
డాక్టరు గారి మాటే సరైనదని నా అభిప్రాయం. బరువనిపించిన ప్రతిసారీ సైనస్ అనుకుంటే, మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగడమే మిగులుతుంది. మా ఇంట్లో అలాగే జరిగి, చివరకు అది పార్శ్వపు నొప్పి అని తేలింది.

చీమకుర్తి సభ్యుడు:
తిరగబెట్టినంత మాత్రాన యాంటీబయాటిక్ కావాలని ఎక్కడుందండీ? దిబ్బడ, గొంతులోకి జారే కఫం, ముఖంలో బరువు, వాసన తగ్గడం వంటివి 12 వారాలైనా వదలకపోతేనే దీన్ని దీర్ఘకాలికమంటారు. అంటే మనకు మామూలు రోజన్నా కొంత దిబ్బడ ఉన్న రోజే. ఆ మామూలు నుంచి ఎంత దిగజారామో తెలిసేది రోగికే, డాక్టరు గారు చూసేది ఆ పది నిమిషాలు.

గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాసే నాకు, కార్తీకం వానల్లో జలుబు పట్టిందంటే ముందు వాసన పోతుంది. పోయినసారి చేపల పులుసు మరుగుతోందని మూత చప్పుడును బట్టి తెలుసుకున్నాను. మర్నాడు కిందపడిన పెన్ను కోసం వంగితే, కనుబొమ్మల వెనక బరువంతా ముందుకు దొర్లినట్టయింది. అయితే ఇలాంటివి చాలావరకు వైరస్ జలుబుతో మొదలయ్యేవే, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీమిడి పచ్చబడినంతనే బాక్టీరియా అనుకోవడమూ తప్పే. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటూ, రాసిచ్చిన స్టెరాయిడ్ స్ప్రే మానకుండా వాడితే నేను వారం పది రోజుల్లో తేరుకుంటాను. కన్ను చుట్టూ వాచినా, చూపు తేడా చేసినా మాత్రం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. అన్నట్టు, దిబ్బడ విడిచే చుక్కల మందును ఒకసారి మూడు వారాలు వేసుకున్నాను. మానగానే ముక్కు మునుపటి కంటే బిగిసిపోయి, నిద్ర లేక అల్లాడాను.

కావలి సభ్యురాలు:
చుక్కల మందు సంగతి ఒప్పుకుంటాను. కానీ దిబ్బడ గానీ చీమిడి గానీ లేకుండా ఉత్త నొప్పే ఉంటే, దాన్ని సైనస్ అనడానికి నేనింకా ఒప్పుకోను. ఒంగోలు వారు ఆ సంగతి రాయనే లేదు.

ఒంగోలు సభ్యుడు:
దిబ్బడ ఉందండీ, చీమిడి లేదు. అది డాక్టరు గారికి కూడా చెప్పలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. బరువు గురించే చెప్పి వచ్చేశాను.