క్యాంపులో గ్లూకోమీటర్ 148, ల్యాబ్‌లో 119: ఎండాకాలంలోనే ఇంత తేడా ఎందుకు?

నర్సంపేట, పరకాల వైపు ఊళ్లలో మా ఫౌండేషన్ ఉచితంగా షుగర్ పరీక్షలు చేస్తోంది. ఏప్రిల్ నుంచి మీటర్ రీడింగ్ ల్యాబ్ కంటే 20-25 శాతం ఎక్కువ వస్తోంది. చలికాలంలో ఇదే మీటర్, ఇదే ల్యాబ్, తేడా 10 శాతం దాటలేదు. గ్లూకోమీటర్ల కచ్చితత్వానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15197 ప్రకారం రీడింగ్ 100 పైన ఉంటే 15 శాతం తేడా వరకు ఒప్పుకోవచ్చు, ఇది అంతకు మించింది.

పోల్చేవన్నీ పరగడుపు నమూనాలే. తిన్నాక, ల్యాబ్‌కి నరం నుంచి తీసే రక్తం కంటే మీటర్‌కి తీసే వేలి రక్తంలో గ్లూకోజ్ ఎటూ ఎక్కువే ఉంటుంది కాబట్టి వాటిని వదిలేశాం.

సబ్బుతో చేతులు కడిగించి, ఆరాక, మొదటి చుక్క తుడిచి రెండోది తీస్తున్నాం (మామిడిపండు తిన్న చేతులతో నేరుగా వచ్చేవాళ్లు ఈ సీజన్లో తక్కువేం కాదు). స్ట్రిప్స్ లాట్ మార్చాం, డబ్బా 30 డిగ్రీలు దాటకుండా చూస్తున్నాం. టెంటు కింద 39 డిగ్రీల్లో కూడా కంట్రోల్ సొల్యూషన్ (మీటర్ సరిగ్గా ఉందో లేదో చూసే, గ్లూకోజ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం) రేంజిలోనే ఉంది.

అందుకే అనుమానం ల్యాబ్ నమూనా మీదికి మళ్లింది. బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబులో (రక్తంలో గ్లూకోజ్ తగ్గిపోకుండా ఆపడానికే ఈ ఫ్లోరైడ్) 2 మి.లీ. తీసి, 8-10 సార్లు తిప్పి, హనుమకొండ పంపుతాం. చేరేసరికి రెండున్నర గంటలు. ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది, ఆలోగా రక్తకణాలు గ్లూకోజ్‌ను వాడేసుకుంటాయి, వేడికి ఇంకా త్వరగా. పోయిన క్యాంపులో 6 ట్యూబులు తీసిన వెంటనే ఐస్ బాక్సులో పెట్టాం. తేడా 13-14 శాతానికి దిగింది, అంతకన్నా తగ్గలేదు.

రక్తకణాలను అక్కడే వేరు చేద్దామంటే ఊళ్లో సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని వేగంగా తిప్పే యంత్రం) లేదు. ఫ్లోరైడ్‌తో పాటు సిట్రేట్ (గ్లూకోజ్ వాడకాన్ని ఇంకా త్వరగా ఆపే పదార్థం) కూడా ఉన్న ట్యూబులు ఇలాంటి ఎండలో వాడినవాళ్లు చెప్పండి: ఐస్ లేకుండా మూడు గంటలు గ్లూకోజ్ నిలబడిందా?