ఎన్ఎస్ఎస్ వలంటీర్‌కి ఏ అవార్డు? దరఖాస్తు ఎలా వెయ్యాలి?

గాజువాక డిగ్రీ:
ఆఖరి ఏడాది డిగ్రీ. రెండేళ్లుగా ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం). బీచ్ క్లీనింగులు, రక్తదాన శిబిరాలు, వాటి ఫోటోలు బోలెడు. ఎన్ఎస్ఎస్ అవార్డుకి వెయ్యాలా, జాతీయ యువ పురస్కారానికా? నేరుగా ఆన్‌లైన్‌లో వేసేయొచ్చా? చెల్లి తొమ్మిదో తరగతి, స్కేటింగ్ మెడల్స్ ఉన్నాయి. తనకేమైనా ఉందా?

మద్దిలపాలెం మాస్టారు:
ఎన్ఎస్ఎస్ అవార్డుకి నీ అంతట నువ్వు వేసుకోవడం కుదరదు తమ్ముడూ. కాలేజీ పీవో (ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్) నీ పేరు పంపాలి, యూనివర్సిటీ ఎన్ఎస్ఎస్ విభాగం చూడాలి, తర్వాత రాష్ట్ర కమిటీ, ఆపైన ఢిల్లీ. వలంటీర్‌కి లక్ష రూపాయలు, వెండి పతకం. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి తప్పనిసరి.

ఫోటోలు పక్కనపెట్టి డైరీ తియ్యి. 'బీచ్ శుభ్రం చేశాం' అని రాసుంటే లాభం లేదు. 'ఆదివారం ఉదయం 6 నుంచి 9, కోస్టల్ బ్యాటరీ నుంచి వైఎంసీఏ దాకా, 14 మంది, 22 సంచుల చెత్త, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) బండికెక్కించాం' అని ఉండాలి, పక్కన ఆ వారంలోనే పీవో సంతకం. చివర్లో ఒకే పెన్నుతో ఒకే పూట పెట్టించిన నలభై సంతకాలు చూడగానే దొరికిపోతాయి.

ఎంవీపీ కాలనీ:
యువ పురస్కారానికి వయసు 15 నుంచి 29. వ్యక్తికి లక్ష, సంస్థకి మూడు లక్షలు. దరఖాస్తు కేంద్రం అవార్డుల పోర్టల్‌లో. దీనికి నువ్వు ముందుండి నడిపిన పని కావాలి. రక్తదానం సర్టిఫికెట్ల కట్ట కంటే 'ఫలానా తేదీన ఇన్ని యూనిట్లు, నిర్వహణ ఫలానా' అని బ్లడ్ బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒక్క కాగితం మేలు. ఇంకోటి, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం: మన తెలుగువాళ్ల పాత జబ్బు. ముందే సరిచేయించుకో.

సీతమ్మధార అక్క:
చెల్లికి ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం. 5 నుంచి 18 ఏళ్లు, క్రీడల విభాగం ఉంది, ఎవరైనా నామినేట్ చేయొచ్చు, తనే వేసుకోవచ్చు కూడా. ఇప్పుడు డిసెంబర్ 26న, వీర్ బాల్ దివస్‌ నాడు ఇస్తున్నారు. ప్రైవేటు ఓపెన్ పోటీల మెడల్స్ పది పెట్టేకన్నా రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ జాతీయ పోటీల సర్టిఫికెట్ ఒక్కటుంటే బరువు.

గాజువాక డిగ్రీ:
శిబిరంలో ఐదు రోజులే ఉన్నాను మాస్టారూ, చాలదా?

మద్దిలపాలెం మాస్టారు:
చాలదు. ఈ ఏడాది శిబిరం ఇంకా పెట్టకపోతే ఇవాళే పీవోకి పేరిచ్చెయ్.