అమాయకుడు, నిర్దోషి, అనఘుడు: ఏ మాట ఎక్కడ?

తిరుచానూరు తెలుగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం పర్యాయపదాల పట్టిక ఒకటి తయారవుతోంది. 'ఏ పాపమూ ఎరుగని' అన్న అర్థం కింద అమాయకుడు, నిర్దోషి, నిరపరాధి, నిర్మలుడు, అనఘుడు అన్నీ ఒకే వరసలో పెట్టేశారు. దాన్ని చూసి పిల్లలు 'కోర్టు అతణ్ణి అమాయకుడని విడుదల చేసింది', 'పాప నిర్దోషి నవ్వు నవ్వింది' అని రాస్తున్నారు. తప్పని చెవికి తెలుస్తోంది గానీ కారణం పిల్లలకు ఎట్లా చెప్పాలి? 'నిర్ధోషి' అని ఒత్తు పెట్టేవాళ్లూ ఉన్నారు, అది సరేనా?

అమరం అరుగు

ముందు ఒత్తు సంగతి. దోషానికి లేని ఒత్తు నిర్దోషికి ఎక్కణ్ణుంచి వస్తుంది? మామూలు దకారమే. నిర్ధారణలో ధారణ ఉంది, నిర్ధనుడిలో ధనం ఉంది కాబట్టి వాటికి ఒత్తు. మాటను విరిచి చూపిస్తే పిల్లలు మళ్లీ తప్పు రాయరు.

అర్థానికీ అదే పద్ధతి. ప్రతి మాట దగ్గరా 'ఇందులో లేనిదేమిటి?' అని అడగండి. అమాయకుడిలో లేనిది మాయ, అంటే కపటం. నిర్దోషిలో దోషం, నిరపరాధిలో అపరాధం, అనఘుడిలో అఘం, అంటే పాపం. ఏమీ తెలియని ఒకడి చేతికి ఎవరో దొంగసొమ్ము మూట ఇచ్చి పంపారనుకోండి. పోలీసులకు దొరికాక కూడా వాడు అమాయకుడే, అయినా ముద్దాయి అవుతాడు. అదే, పది మోసాలు చేసిన జిత్తులమారి పదకొండోది చేయకపోతే ఆ కేసులో నిర్దోషే, వాణ్ణి అమాయకుడని మాత్రం ఎవరూ అనరు. ఒకటి స్వభావం, ఒకటి చేసిన పని.

నిర్మలానికి మన ఊళ్లో రోజూ తెల్లవారుజామునే వినిపించే ఉదాహరణ ఉంది. సుప్రభాతంలో 'శ్రీస్వామిపుష్కరిణికాప్లవనిర్మలాంగాః' అంటారు కదా, పుష్కరిణిలో మునిగి ఒళ్లు శుభ్రమైనవాళ్లు అని. మురికి ఉండి పోయినా నిర్మలమే అన్నమాట. పాపవినాశనం తీర్థం పేరులోనూ ఉన్నది పోవడమే. అనఘలో పోవడమన్న ఊహ లేదు, లేకపోవడమే ఉంది.

గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి అనఘా అని పిలుస్తాడు. 3వ అధ్యాయం 3వ శ్లోకంలో 'పురా ప్రోక్తా మయానఘ' అని వస్తుంది. దాన్ని 'మయా నఘ' అని విరిచి, నఘ అంటే ఏమిటని వెతుకుతుంటారు చాలామంది. మయా, అనఘ కలిసి సవర్ణదీర్ఘ సంధి అయింది. 15వ అధ్యాయం చివరి శ్లోకంలోనూ ఇదే కూర్పు. ఇప్పటి వాడుకలో అనఘ ఎక్కువగా ఆడపిల్ల పేరుగానే వినిపిస్తుంది, మామూలు వచనంలో పెడితే పద్యం ముక్క అతికించినట్టుంటుంది.

సంస్కృతంలో 'నిర్దోషః' అంటే సరిపోతుంది, చివర ఇకారం అనవసరమని పండితులు పట్టుబడతారు. తెలుగులో నిర్దోషి ఎప్పుడో స్థిరపడింది. ఆ దిద్దుబాటు పిల్లల మీద రుద్దకండి.

కోర్టు కాగితం, చిత్తూరు

వార్తల్లో ఈ మాట దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఛార్జిషీటు పడినా, రిమాండులో ఉన్నా మనిషి నిందితుడే, దోషి కాదు. బెయిలు వచ్చినంత మాత్రాన నిర్దోషి కూడా కాడు. విచారణ మొదలయ్యేలోపే ఆధారాలు చాలవని కోర్టు వదిలేస్తే అది డిశ్చార్జి. దాన్ని 'నిర్దోషిగా విడుదల' అని రాస్తే తప్పు, ఎందుకంటే కొత్త ఆధారం దొరికితే మళ్లీ కేసు నడవొచ్చు. విచారణ పూర్తయి, నేరం రుజువు కాలేదని తీర్పు వస్తేనే నిర్దోషి.

బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద వదిలినా మన చట్టంలో అది నిర్దోషి తీర్పే, మధ్యలో మూడో తీర్పు లేదు. రాజీకి వీలున్న కేసు చట్టప్రకారం రాజీ అయినా ఫలితం అదే.

'కడిగిన ముత్యంలా బయటికొస్తాను' అన్నది నిందపడ్డ మనిషి చెప్పుకునే మాట. అతని నోట ఉంచి రాయొచ్చు, విలేకరి సొంత వాక్యంలో వద్దు.

మూడు పొలిమేరలు, కుప్పం

పైన సార్ చెప్పిన స్వభావం మాట నిజమే, కానీ అమాయకుడి రంగు పక్కనున్న మాటను బట్టి మారిపోతుంది, పట్టికలో అది తప్పకుండా చూపించండి. 'అమాయకపు నవ్వు' అంటే ముద్దు. 'ఉత్త అమాయకుడప్పా' అంటే జాలి, ఎవరైనా మోసం చేసేస్తారని. 'అమాయకంగా మొహం పెట్టినాడు' అంటే అసలు అమాయకుడే కాడు, 'పెట్టడం' దగ్గరే నటన బయటపడింది. ఆ నటించేవాళ్లకు మనకు 'నంగనాచి' అనే సొంత మాట ఉండనే ఉంది.

అభం శుభం ఎరుగని అనేది చిన్నపిల్లలకు. ముక్కుపచ్చలారని అంటే వయసు మాత్రమే, గుణం కాదు. నోట్లో నాలుక లేని మనిషి నెమ్మదస్తుడు, అంతే, నిర్దోషి కానక్కర్లేదు.

మా వైపు పిల్లలకు ఇంకో చిక్కుంది. కన్నడంలో ముగ్ధ అంటే అమాయకుడే, మగవాడికైనా వాడతారు. తెలుగులో ముగ్ధ అంటే లోకం తెలియని పడుచు, 'ముగ్ధుడయ్యాడు' అంటే మైమరచిపోయాడు. తమిళంలోని అప్పావి మన అమాయకుడికి బాగా దగ్గర.

తిరుచానూరు తెలుగు

చాలా సంతోషం. ఒకే వరస తీసేసి, 'లేనిదేమిటి' అన్న గడి కొత్తగా చేరుస్తాను. దొంగసొమ్ము మూట ఉదాహరణ ఉన్నదున్నట్టు పెట్టుకోవచ్చా? 'నిర్దోషి నవ్వు' బదులు ఏం రాయించాలి?

అమరం అరుగు

నిస్సంకోచంగా పెట్టుకోండి. నవ్వుకు 'కల్మషం లేని నవ్వు', పసిపాపకైతే 'బోసినవ్వు' చాలు. ఇంకో గడి కూడా వేయండి: ఆడవాళ్లకు అమాయకురాలు అని మారుతుంది, నిర్దోషి మాత్రం ఎవరికైనా నిర్దోషే. 'నిర్దోషిని' అని స్త్రీలింగం కల్పించి రాస్తే చదివేవాళ్లు దాన్ని ద్వితీయా విభక్తి అనుకుంటారు.